వెర్న్ బల్ల మీంచి లేచిన రోజు

హలో, అందరూ ఉన్నారా? వినపడుతోందా? నేనే, బాబ్జీని, విస్కాన్సిన్ నుంచి. మాకిక్కడ ఇప్పుడే తెల్లారింది, మీకు రాత్రి భోజనాల వేళ కావస్తుంటుంది. పడుకునే ముందు కాసేపు నా మాట వినండి. ఈ మధ్య మన గ్రూపులో ఒకటే రచ్చ కదా, అది గవర్నమెంటే నడపాలి, ఇది ప్రైవేటువాడికి ఇచ్చెయ్యాలి అని. మొన్న ఇద్దరు తిట్టుకుని గ్రూపులోంచే వెళ్ళిపోయారు. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఎవరిది రైటో చెప్పేంత చదువు నాకు లేదు. నా కళ్ళ ముందు జరిగిందొకటుంది, అది చెప్తాను.

నేనుండేది ఆల్డర్ కౌంటీలో. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. పాలు, జున్ను, మంచు, జింకల వేట, అంతే మా ప్రపంచం. కౌంటీవాళ్ళు సొంతంగా నడిపే ముసలివాళ్ళ హోమ్ ఒకటుంది. అందులో చాలా ఏళ్ళు నేను వంటవాణ్ణి. ఉప్పు తక్కువ కూరలు, మెత్తగా మెదిపిన బంగాళాదుంపలు, అలాంటివి.

ఆ హోమ్‌లో వెనక వార్డు మతిమరుపు బాగా ముదిరినవాళ్ళది. అక్కడుండేది ఆర్డిస్ గారు. ఒకప్పుడు బడి బస్సు నడిపిన మనిషి, ఊళ్ళో సగం మందిని చిన్నప్పుడు బడికి దింపింది ఆవిడే. నాకు తెలిసేసరికి మొగుడి పేరు కూడా గుర్తులేదు. తిండి ఎవరు పడితే వాళ్ళు పెడితే తినేది కాదు. మధ్యాహ్నం తమ్ముడు వెర్న్ వచ్చి పెడితే తినేది. సాయంత్రం మొగుడు నార్బర్ట్ వచ్చి పెడితే తినేది. ఇంకెవరు చెంచా పట్టుకెళ్ళినా పళ్ళు బిగించేసేది. వాళ్ళ నార్వే తాతల నాటి వంటకం ఒకటుంది, పాలల్లో అన్నం మెత్తగా ఉడికించి పైన దాల్చినచెక్క పొడి చల్లుతారు. మన పాయసానికి దూరపు చుట్టం. అదంటే ప్రాణం ఆవిడకి.

ఇప్పుడు ఈ బావాబామ్మర్దుల సంగతి. నార్బర్ట్‌కి సొంతంగా పశువుల దాణా మిల్లుండేది. ఎవరి దగ్గరా చెయ్యి చాపకుండా పైకొచ్చిన మనిషి. గవర్నమెంటు అనే మాట వింటేనే మొహం అదోలా పెట్టేవాడు. వెర్న్ రిటైరయ్యేదాకా కౌంటీలో మంచు తీసే లారీ నడిపాడు, యూనియన్ మనిషి. ఇద్దరూ కౌంటీ బోర్డులో, అంటే మన జిల్లా పరిషత్తు లాంటి దాన్లో, మెంబర్లు. కాగితం మీద అక్కడ పార్టీలుండవు. ఎవరు ఏ పార్టీయో ఇంటి ముందు పాతిన బోర్డులే చెప్తాయి.

బోర్డులో ఏ విషయమైనా ఒకడు ఔనంటే ఇంకొకడు కాదు. మళ్ళీ శుక్రవారం సాయంత్రమయ్యేసరికి ఊరి హోటల్లో చేపల వేపుడు తినడానికి ఒకే బల్ల దగ్గర ఒకే బ్రాందీ సీసా. వాళ్ళు పేర్లే పెట్టి పిలుచుకుంటారు, నేను మన లెక్కలో చెప్తున్నాను.

"ఒరే వెర్నూ, మీ కౌంటీ లారీలో ఇద్దరెందుకురా? ఒకడు నడపడానికి, ఇంకొకడు కాఫీ చల్లారకుండా చూడ్డానికా?" అనేవాడు నార్బర్ట్.

"నీ మిల్లుకెళ్ళే దారిలో మంచు ఎవడు తీశాడు బావా? నీ లాభం పార పట్టుకుని వచ్చిందా?" అనేవాడు వెర్న్.

చుట్టుపక్కలవాళ్ళు నవ్వేవాళ్ళు. మాకది వారం వారం ఉచిత సినిమా.

వాళ్ళిద్దరి మధ్య ఒక కట్టుబాటు ఉండేది. ఎప్పుడో వెర్న్‌కి గుండె ఆపరేషన్ అయిన రోజున బోర్డులో పెద్ద ఓటు పడింది. వెర్న్ లేడు కాబట్టి నార్బర్ట్ పక్షం గెలవాలి. నార్బర్ట్ ఏం చేశాడంటే, బామ్మర్ది ఆస్పత్రిలో పడుంటే ఈ గెలుపు నాకెందుకని లేచి బయటికొచ్చి, వరండాలో ఉన్న చెక్క బల్ల మీద కూర్చున్నాడు. ఇటొకటి అటొకటి తగ్గి లెక్క సరిపోయింది. అప్పట్నుంచీ అదే పద్ధతి. ఒకడు రాలేకపోతే రెండోవాడు ఓటెయ్యకుండా ఆ బల్ల మీద కూర్చోవాలి. ఏ చట్టంలోనూ లేదు. కానీ ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ బల్లని బావాబామ్మర్దుల బల్ల అనేవాళ్ళు. బడిలో టీచర్లు పిల్లలకి చెప్పేవాళ్ళు, రాజకీయమంటే అలా ఉండాలని.

ఇలా ఉండగా హోమ్‌ని అమ్మేద్దామనే మాట వచ్చింది. పక్క రాష్ట్రం కంపెనీ ఒకటి కొంటానంది. కౌంటీకి దాన్ని నడపడం బరువైపోయిందన్నది నిజం. బాయిలర్ పాడైతే బాగుచెయ్యడానికి ఏడాది పైన పట్టింది. ఈ కమిటీ ఒప్పుకోవాలి, ఆ కమిటీ ఒప్పుకోవాలి. ఆ చలికాలమంతా ముసలివాళ్ళు కోట్లు వేసుకుని తిన్నారు. నేనే వడ్డించాను. మరి అమ్మేసిన చోట్ల ఏం జరిగిందంటే, పక్క కౌంటీలో వంటిల్లు మూసేసి తిండి లారీలో తెప్పిస్తున్నారు. అదీ నిజమే.

వెర్న్ వాదన తెలిసిందే, కంపెనీవాడికి ముసలివాళ్ళు మనుషుల్లా కనపడరు, మంచాల్లా కనపడతారని. నార్బర్ట్‌తో మాత్రం నేనే ఒకసారి అన్నాను, మీ ఆవిడ ఇక్కడే ఉంది కదా, అమ్మమని ఎలా ఓటేస్తారని. ఆయనకి కోపం రాలేదు. "ఉంది కాబట్టే వేస్తున్నా బాబ్," అన్నాడు. "నా మిల్లులో బెల్టు తెగితే ఏడాది ఆగుతానా? సొంతమైతే ఎవడూ ఆగడు. అది చలికి వణుకుతుంటే నేను కమిటీ కోసం కూర్చోలేను." మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయన్ని చెడ్డవాడనుకోకండి.

ఓటు ఫిబ్రవరిలో పెట్టారు. ఇరుపక్షాలూ దాదాపు సమానంగా ఉన్నాయి, ఒక్క ఓటు తేడాతో అమ్మేవాళ్ళు గెలుస్తారని అందరికీ తెలుసు. వెర్న్ కూడా ఒప్పేసుకున్నాడు. ఓడిపోతే ఓడిపోతాం, కొన్నవాడి మీద కన్నేసి ఉంచుదాం అంటున్నాడు.

ఆ రోజు పొద్దున్నే ఆర్డిస్ గారికి ఊపిరందలేదు. నిమోనియా అన్నారు. అంబులెన్సులో లా క్రాస్ ఊళ్ళో ఉన్న పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు, నార్బర్ట్ కూడా వెళ్ళాడు. దారిలోంచి వెర్న్‌కి ఫోన్ చేశాడు. అప్పుడు వెర్న్ మా వంటింటి గుమ్మంలోనే ఉన్నాడు, అక్కకి మధ్యాహ్నం ఏం పెడుతున్నామో అడగడానికి వచ్చి ఈ కబురు విన్నాడు. స్పీకర్లో ఉంది కాబట్టి నాకూ వినపడింది.

"నేను రాలేనురా. నువ్వు బల్ల మీద కూర్చో."

"సరే బావా. నువ్వు అక్కని చూసుకో."

అంతే. ఫోన్లో ఓటేసే పద్ధతి మా బోర్డులో లేదు.

సాయంత్రం వంటింటివాళ్ళం ఏప్రన్లతోనే వెళ్ళాం బోర్డు మీటింగు చూడ్డానికి. లోపల చోటు లేదు. వరండాలో వెర్న్ ఆ బల్ల మీద కూర్చునున్నాడు, టోపీ మోకాళ్ళ మీద పెట్టుకుని. నన్ను పక్కన కూర్చోమన్నాడు. కూర్చున్నాను. తలుపు తీసే ఉంది, లోపల మాటలన్నీ వినపడుతున్నాయి.

ఆయన పక్షం మెంబరు కాథ్లీన్ అనే ఆవిడ బయటికొచ్చింది. నెమ్మదిగానే మాట్లాడింది. ఇద్దరూ లేకపోయినా అటే ఒక్క ఓటు ఎక్కువ, నువ్వొస్తే సమానమవుతుంది, సమానమైతే అమ్మకం పడిపోతుంది, ఎనభై మంది ముసలివాళ్ళ బతుకు వెర్న్, మీ ఇంటి మర్యాదలకి ఇది సమయమా అంది. ఆవిడ కాసేపు నిలబడి లోపలికెళ్ళిపోయింది.

పేర్లు పిలవడం మొదలైంది. ఒక్కో పేరూ పిలుస్తుంటే ఔను, కాదు అని వినపడుతోంది. వెర్న్ టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"బాబ్, అక్క తిరిగొచ్చాక ఆ కంపెనీవాడు మధ్యాహ్నం నన్ను లోపలికి రానిస్తాడంటావా?" అన్నాడు.

నాకేం తెలుసు? అదే చెప్పాను, నాకు తెలీదని.

ఆయన లేచాడు. నేను ఆపలేదు, వెళ్ళమనీ అనలేదు. లోపల క్లర్కు ఆయన పేరు దాటేసి ముందుకెళ్ళిపోయాడు. వెర్న్ గుమ్మంలో నిలబడి తన పేరు మళ్ళీ పిలవమన్నాడు. హాలంతా ఒక్కసారి అటు తిరిగింది. క్లర్కు చైర్మన్ మొహం చూశాడు, చైర్మన్ తలుపులోంచి వరండాలో బల్ల వైపు చూశాడు, ఖాళీగా ఉంది. ఇక పిలిచారు. వెర్న్ కాదన్నాడు. సమానమైంది. అమ్మకం పడిపోయింది.

మా వాళ్ళు చప్పట్లు కొట్టారు. అటువైపువాళ్ళలో ఒకాయన పెద్దగా అరవలేదు గానీ, వెర్న్ పక్కనుంచి వెళ్తూ, "ఆస్పత్రిలో ఉన్న మనిషిని" అని ఆ వాక్యం పూర్తి చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. వెర్న్ ఫోన్ చెయ్యకముందే ఎవరో నార్బర్ట్‌కి చెప్పేశారు. వరండాలో నిలబడి వెర్న్ ఎన్నిసార్లు కలిపినా ఆయన ఎత్తలేదు.

ఆర్డిస్ గారు బతికింది. రెండు వారాలకి ఆస్పత్రి నుంచి పంపేస్తామన్నారు. ఆవిడ మంచం మేం సిద్ధంగా ఉంచాం. ఆవిడ బదులు నార్బర్ట్ ఒక్కడే వచ్చాడు, ఖాళీ అట్టపెట్టె పట్టుకుని. వెర్న్ అప్పటికే ఆ గదిలో అక్క కోసం ఎదురుచూస్తున్నాడు. పాలన్నం చేసి నేనే తీసుకెళ్ళాను ఆ వేళకి, ఆవిడ వచ్చేస్తుందనుకుని. చేతిలో గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయాను.

నార్బర్ట్ ఎవరివైపూ చూడకుండా ఫొటోలు, ఊలు దుప్పటి పెట్టెలో పెడుతున్నాడు. నలభై మైళ్ళ దూరంలో వేరే ప్రైవేటు హోమ్‌లో చేర్పిస్తున్నానని చెప్పాడు, గోడకి చెప్పినట్టు.

"నన్ను తిట్టు బావా. కొట్టు. అక్కని మాత్రం కదపకు," అన్నాడు వెర్న్. "అక్కడ ఎవరి చేతా తినదు."

"నేను తినిపిస్తా."

"రోజూ రెండు పూటలా అంత దూరం? మంచులో?"

"నీకెందుకు? నువ్వు గెలిచావుగా."

"నేను గెలవడానికి వెయ్యలేదు. అక్క కోసం వేశాను."

అప్పుడు చూశాడు నార్బర్ట్ వెర్న్ మొహంలోకి. గొంతు పెంచలేదు. "దానికి ఆక్సిజన్ పెడుతుంటే నేను పక్కన నిలబడి ఉన్నానురా. ఒక్కసారి కూడా అనుకోలేదు నువ్వేం చేస్తున్నావో అని. బల్ల మీద ఉన్నావనుకున్నా. ఇందుకే నేను గవర్నమెంటుని నమ్మను. దానికి మాట ఉండదు, ఓట్లే ఉంటాయి."

"కంపెనీకి మాట ఉంటుందా?"

"కంపెనీతో కాగితం ఉంటుంది. తప్పితే కోర్టుకి లాగుతా. నిన్నెక్కడికి లాగను?"

వెర్న్ మంచం అంచు పట్టుకుని నిలబడ్డాడు. నార్బర్ట్ వెళ్తూ వెళ్తూ, నువ్వు నిలబెట్టిన మంచం మీద నా పెళ్ళాన్ని పడుకోబెట్టుకుంటే ఇంక నేను ఎవరికీ మొహం చూపించలేనన్నాడు. అక్కడికి రావద్దని కూడా చెప్పాడు. ఆవిడ తరఫు కాగితాలన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి, వద్దంటే వద్దే. నేను ఆ గిన్నె వెనక్కి తెచ్చి సింకులో పారబోశాను.

ఆ తర్వాత ఊరు ఏం చేసిందో చెప్తాను, అది నాకు ఇంకా మింగుడుపడలేదు. యూనియన్‌వాళ్ళు వెర్న్‌ని హీరో అన్నారు. హాల్లో కేకు కోయించారు, ఆయన ముక్క కూడా తినకుండా వచ్చేశాడు. అటువైపువాళ్ళు నార్బర్ట్‌ని దేవుణ్ణి చేశారు, మాట కోసం పెళ్ళాన్నే తీసుకెళ్ళిన మనిషి, రాష్ట్ర అసెంబ్లీకి నిలబడాలన్నారు. ఆయన వాళ్ళ ఫోన్లూ ఎత్తలేదు. ఆర్డిస్ గారు ఎలా ఉన్నారని మాత్రం ఈ గుంపులోనూ ఎవరూ అడగలేదు, ఆ గుంపులోనూ అడగలేదు. శుక్రవారం చేపల వేపుడు దగ్గర కూడా ఒక పార్టీవాళ్ళు బారు పక్కన, ఇంకో పార్టీవాళ్ళు కిటికీల పక్కన కూర్చోవడం మొదలెట్టారు. వాళ్ళిద్దరూ ఎప్పుడూ తినే బల్ల దగ్గర ఎవరో టూరిస్టులు కూర్చునేవాళ్ళు.

నేను ఆదివారాలు వెళ్ళేవాణ్ణి ఆవిణ్ణి చూడ్డానికి. ఆ ప్రైవేటు చోటు చెడ్డదేం కాదండీ. శుభ్రంగా ఉంది, రంగులు కొత్తగా వేశారు, గోడంత టీవీ ఉంది. పనివాళ్ళు మంచి పిల్లలే, కానీ ఒక ఆదివారం చూసిన మొహం ఇంకో ఆదివారం ఉండదు. నార్బర్ట్ పొద్దున్నే వచ్చి చీకటి పడేదాకా చెంచా పట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ మధ్యాహ్నం తినేది కాదు. సాయంత్రమే కాస్త. ఆ పూట తమ్ముడిదని ఆవిడకి ఎలా తెలుస్తుందో, గడియారం కూడా చూడటం రాని మనిషికి. చిక్కిపోతోందని నేనన్నాను. చూస్తున్నానన్నాడు. ఒక్కసారి వెర్న్‌ని రానివ్వండని అడిగాను. కిటికీలోంచి పార్కింగు వైపు చూస్తూ, మంచు కరిగాక రోడ్లు బాగుపడతాయన్నాడు.

ఏప్రిల్లో ఎన్నికలొచ్చాయి. మాట తప్పినవాడు అని ఇంటింటికీ కరపత్రాలు పంచారు. వెర్న్ ఓడిపోయాడు. కొత్త బోర్డు ఎండాకాలంలో హోమ్‌ని ఆ కంపెనీకే అమ్మేసింది. అంటే ఆయన మాట తప్పి సంపాదించింది నాలుగైదు నెలలు. కంపెనీ రాగానే బాయిలర్ మార్చేసింది, మూడు వారాల్లో, నేను ఒప్పుకోవాలి. మా వంటిల్లు మూసేసింది, అదీ చెప్పాలి. నేనిప్పుడు బడిలో వండుతున్నాను.

హోమ్ చేతులు మారింది కదా, ఇంక వెర్న్ నిలబెట్టిన మంచం కాదు కదా. నార్బర్ట్ ఫోన్ చేశాడట కంపెనీకి, మా ఆవిణ్ణి వెనక్కి తెచ్చుకుంటానని. వెనక వార్డు మూసేశామన్నారు. చూసుకోవడానికి మనుషులు దొరకడం లేదు, మతిమరుపు ఉన్నవాళ్ళని తీసుకోవడం లేదన్నారు. ఈ సంగతి ఆయనే నాకు చెప్పాడు, బడి వెనక గేటు దగ్గర ట్రక్కు ఆపి. కౌంటీ చేతిలోనే ఉన్నా మనుషులు దొరక్క ఆ వార్డు మూసేసేవాళ్ళే అన్నాడు. అయ్యుండొచ్చు. వెర్న్‌ని అడిగితే చచ్చినా మూసేవాళ్ళం కాదంటాడు. అదీ అయ్యుండొచ్చు. నాకు తెలీదు.

ట్రక్కు స్టార్టు చేసి మళ్ళీ ఆపాడు నార్బర్ట్. "వాణ్ణి రమ్మను," అన్నాడు. "మధ్యాహ్నం పూట."

నేను మర్నాడే పాలన్నం చేసి, వెర్న్‌ని నా కార్లో ఎక్కించుకున్నాను. దారంతా ఆయన ఆ గిన్నె మూత మీద చెయ్యి తియ్యలేదు, వేడి పోతుందని. క్షవరం చేయించుకున్నాడు, చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. మేం వెళ్ళేసరికి నార్బర్ట్ లేచి కుర్చీ ఇచ్చాడు.

ఆర్డిస్ గారు దుప్పటి కింద ఉన్నట్టే లేదు. వెర్న్ పక్కన కూర్చుని, అక్కా నేనే అన్నాడు. చెంచాతో కొంచెం తీసి ఊది పెదాల దగ్గర పెట్టాడు. ఆవిడ చూసింది. ఎవరో కొత్తవాణ్ణి చూసినట్టు చూసింది. పళ్ళు బిగించేసింది.

మళ్ళీ పెట్టాడు. ఆవిడ మొహం గోడ వైపు తిప్పుకుంది. బడి బస్సు పాట ఏదో కూనిరాగం తీశాడు, చిన్నప్పటిదట. ఊహూఁ. చెంచాలోది చల్లారిపోయి దుప్పటి మీద పడింది. నార్బర్ట్ వచ్చి తుడిచి, చెంచా తను తీసుకుని ప్రయత్నించాడు. ఆ వేళప్పుడు ఆయనకీ తెరవలేదు.

వెర్న్ గిన్నెకి మూత పెట్టి అన్నాడు, "నేను ఓటేసింది దీనికే బావా. ఈ చెంచాకే."

"నేను మాత్రం దేనికి వేస్తానన్నాననుకున్నావురా?" అన్నాడు నార్బర్ట్.

మంచానికి ఇటొకరు అటొకరు కూర్చున్నారు. మర్నాడు వెర్న్ మళ్ళీ వెళ్ళాడు, ఆ మర్నాడూ వెళ్ళాడు. ఆవిడ గుర్తుపట్టలేదు. అక్టోబరు మొదట్లో పోయింది. చర్చి కింద హాల్లో భోజనాలు పెట్టినప్పుడు జనం అప్పుడు కూడా రెండు వైపులే కూర్చున్నారు. వాళ్ళిద్దరూ వడ్డించే బల్ల దగ్గర నిలబడే ఉన్నారు, ఏ వైపుకీ వెళ్ళకుండా. పక్కపక్కనే, కానీ మాటల్లేకుండా.

అయిపోయిందండీ. నా గొంతు కూడా బొంగురుపోయింది. మీ ఇంట్లో ఓటు పేరు చెప్పి మాటలు మానేసుకున్న బావో బామ్మర్దో అన్నదమ్ములో ఉంటారు, దీన్ని వాళ్ళకి పంపండి. ఏ పార్టీ గ్రూపులో పెట్టినా నాకు అభ్యంతరం లేదు. తప్పెవరిదని మాత్రం కింద తేల్చకండి, ఆ పని మా ఊళ్ళో ఇప్పటికే చాలామంది చేశారు.